అరవై మూడో పేజీ

నున్నటి కాగితం వాసన.

పుస్తకం మడతలోకి ముక్కు దూర్చి పీలిస్తేనే దొరికే వాసన — కాస్త సిరా, కాస్త జిగురు, ఇంకా ఎవరూ తిరగెయ్యని పేజీల చల్లదనం.

అది బడి పుస్తకం కాదు. కథల పుస్తకమూ కాదు.

వీడియో గేమ్ గైడు.

నాన్న సంచిలో చెయ్యి పెట్టి "గైడు తెచ్చానర్రా" అనగానే అమ్మ మొహం చాటంతయింది. పరీక్షల గైడనుకుంది, పాపం. తీరా బయటికొస్తే అట్ట మీద లాంతరు పట్టుకున్న పిల్ల, దాని వెనక కోరలున్న కప్ప.

"చదువుకి గైడు తెమ్మంటే ఆటకి తెచ్చారా! రేపు నిద్రపోవడానికి కూడా ఒకటి తెండి," అని విసవిసా వంటింట్లోకి పోయింది.

పోతే పోనీ అనుకున్నామో లేదో, మళ్ళీ అమ్మనే పిలవాల్సి వచ్చింది.

పుస్తకం చేతికి రాగానే సరిగ్గా నడిమికి తెరుచుకుంది మరి. రెండు పేజీల నిండా లాంతరు పిల్ల! వెనక సముద్రం, చేతిలో వెలుగు, గాలికి ఎగిరే జుట్టు... చూసి చెల్లీ నేనూ గంతులే గంతులు. అది బీరువా తలుపు మీద ఉండాల్సిందే. ఇప్పుడే ఉండాల్సిందే.

అమ్మ కోపం అమ్మదే, పని పనే. తలపిన్నుతో పుస్తకం పిన్నులు వంచింది. బొమ్మని ఊడదీసింది. పిన్నులు మళ్ళీ నొక్కింది. మేం బీరువా తలుపు తుడుస్తుంటే తనే మైదా ఉడికించి, బొమ్మని నేల మీద బోర్లా పరిచి, జిగురు పూసి, "జరగండి జరగండి" అంటూ ఎత్తుకొచ్చి అంటించింది.

ఎంత బాగా అంటించిందంటే... ఒక్క బుడగ లేదు.

మేం మొదటి పేజీ తిప్పింది ఆ తర్వాతే.

*

ఎంత పుస్తకమది!

ప్రతి గదికీ ఒక బొమ్మ. ప్రతి బొమ్మ మీదా ఎర్ర బాణాలు. ఏ గోడ వెనక పెట్టె ఉందో, ఏ పెట్టెలో తాళంచెవి ఉందో, ఏ కప్పకి ఎడమ కన్ను గుడ్డిదో — అన్నీ విప్పి చెప్పేది. పేజీ అంచున పసుపు గడి. అందులో చిట్కా. "ఈ వంతెన మీద ఆగకండి." "ఈ ముసలాయన అబద్ధం చెబుతాడు." ఆ ముసలాయన్ని చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. గైడు లేనివాళ్ళు ఎంతమంది ఆయన్ని నమ్మి నట్టేట మునిగారో!

కరెంటు లేనప్పుడు చదివాను. టీవీ అమ్మ చేతిలో ఉన్నప్పుడు చదివాను. బాణం మీద వేలు పెట్టి మెల్లగా జరుపుకుంటూ పోతే చాలు — ఒక్కో గదీ తెరుచుకునేది. ఆట ఆడకుండానే ఆటంతా తిరిగొచ్చేదాన్ని. అంత సుఖం నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

నాకు జాయ్‌స్టిక్ చేతకాదు. ఉన్నమాట చెప్పుకోవాలి. దూకమంటే గోతిలోకే దూకేదాన్ని.

చెల్లికి చదవడం చేతకాదు. అంటే వచ్చు, ఓపిక లేదు. రెండో లైనుకే దాని అరికాళ్ళు దురద పెట్టేవి.

అందుకే ఒక కట్టుబాటు.

చదివే మనిషి జాయ్‌స్టిక్ ముట్టుకోకూడదు. ఆడే మనిషి పుస్తకం ముట్టుకోకూడదు.

పెట్టింది చెల్లి. జాయ్‌స్టిక్ నేనెక్కడ లాక్కుంటానో అని దాని భయం. నేను ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను. పుస్తకమంతా నాదే కదా!

ఆ కట్టుబాటే తర్వాత నా మెడకి చుట్టుకుంది.

*

"కుడికి. ఇంకొంచెం కుడికి. ఆగు... నేల ఊగుతుంది. ఊగనీ. ఇప్పుడు దూకు!"

దూకేది.

నా గొంతు, దాని వేళ్ళు. నేను తెర వైపు చూసేదాన్ని కాదు. అది పేజీ వైపు చూసేది కాదు.

కప్పల చెరువు దాటాం. గాజు అడవి దాటాం. అబద్ధాల ముసలాయన "ఇటు రండమ్మా" అని పిలుస్తుంటే పగలబడి నవ్వుతూ అటు దాటాం. దాటిన ప్రతిసారీ చెల్లి నా తొడ మీద ఒక్కటి చరిచేది. సంతోషం వస్తే దానికి చెయ్యి ఆగదు. నా తొడ ఎప్పుడూ ఎర్రగానే ఉండేది.

అలా వెళ్ళి వెళ్ళి ఉప్పుకోట ముందు నిలబడ్డాం.

తెల్లటి గోడలు. గదికి మూడు తలుపులు. ఒకటే నిజం. తప్పు తలుపు తీస్తే తెరంతా తెల్లబడి, లాంతరు పిల్ల మొదటి వాకిట్లోకి వచ్చి పడుతుంది — దబ్!

భయమేముంది? గైడుంది.

"ఉప్పుకోట దారి: అరవై మూడో పేజీ చూడండి."

తిప్పాను.

అరవై రెండు ఉంది.

ఎదురుగా అరవై ఏడు.

పేజీలు అంటుకున్నాయేమోనని గోటితో విడదీశాను. వెలుగుకి ఎత్తి చూశాను. మొదటి నుంచి మళ్ళీ తిప్పాను...

లేదు.

చెల్లి జాయ్‌స్టిక్ కింద పెట్టి నా వైపు చూసింది.

"చింపావా?"

"నేను చింపలేదు."

"పుస్తకం ముట్టుకునేది నువ్వొక్కదానివేగా?"

నిజమే మరి.

నేను చింపలేదు. ఆ పుస్తకానికి అట్ట వేసింది నేను. మూల మడవకుండా దారప్పోగు పెట్టుకుని చదివింది నేను. ఎవరైనా వేలు నాకి పేజీ తిప్పితే ఒళ్ళు మండే మనిషిని నేను! అయినా నేనే దొంగనయ్యాను.

చెల్లి ఒంటరిగా ఆ కోట మీద పడింది. దబ్. మళ్ళీ పడింది. దబ్. నన్ను చదవమని అడగలేదు. చదువుతానని నేననలేదు. గైడు నా బట్టల అడుగుకి పోయింది. జాయ్‌స్టిక్ అటకెక్కింది.

పేరు మాత్రం మిగిలింది.

చింపులక్క.

నవ్వుతూనే అంటారు. చుట్టాలింట్లో పత్రిక చేతిలోకి తీసుకుంటే చాలు — "ఒరేయ్, చింపులక్క చేతిలో పడింది, జాగ్రత్త!" అందరూ పకపకా నవ్వేవాళ్ళు. నేనూ పళ్ళికిలించేదాన్ని. లోపల చుర్రుమనేది. పెళ్ళయ్యాక కూడా చుర్రుమంది. పిల్లలు పుట్టి, ఆ పిల్లలు కూడా అదే మాట పట్టుకుంటే మరీ చుర్రుమంది.

నాకు ఇస్త్రీ కొట్టుంది. ఊళ్ళో వాళ్ళ చొక్కాలన్నీ ముడత లేకుండా చేసిస్తాను. నా మీద పడిన ఆ ఒక్క ముడతే ఎన్నేళ్ళయినా పోలేదు.

చెల్లి క్రేను నడుపుతుంది. ఎక్కడో మేఘాల పక్కన గాజు పెట్టెలో కూర్చుని రెండు జాయ్‌స్టిక్కులు తిప్పుతుంది. కింద నుంచి ఒకాయన వాకీటాకీలో "కుడికి, ఇంకొంచెం కుడికి, ఆపు" అంటాడట. ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు.

కానీ ఆయనంటే నాకు కుళ్ళు.

*

ఇవాళ మధ్యాహ్నం.

అమ్మ గదిలో చెల్లి గోడ అల్మారా కట్టించింది. చెక్క బీరువా ఇక అక్కర్లేదు. పాత సామాన్లాయన వచ్చాడు. తట్టి చూశాడు, వంగి చూశాడు, తలుపు దగ్గర ఆగాడు.

లాంతరు పిల్ల. సముద్రం వెలిసిపోయింది. చెంప బూడిదరంగయింది. లాంతరు మాత్రం ఇంకా పచ్చగా ఉంది.

"ఈ బొమ్మ గీకేసి ఇవ్వండమ్మా. దీంతో ఎవరూ కొనరు."

చెల్లి బ్లేడు తీసింది.

"ఆగవే! బ్లేడేంటి? చెక్కా పోతుంది, కాగితమూ పోతుంది. ఉండు."

కొట్టుకి వెళ్ళి ఆవిరి పెట్టె తెచ్చాను. పట్టుచీరకి ఎంత మెల్లగా పడతానో అంత మెల్లగా పట్టాను. పై మూల నుంచి... అంగుళం అంగుళం...

వాసన లేచింది.

మైదా జిగురు వాసన. ఇన్నేళ్ళూ చెక్కకీ కాగితానికీ మధ్య పడుకుని, ఆవిరి తగలగానే కళ్ళు తెరిచింది. ఇద్దరం ఒకేసారి పీల్చుకున్నాం.

మూల లేచింది. అంచు లేచింది. ఒక చోట మొండికేసింది, కొంచెం లాగాను, వచ్చేసింది. తడి కాగితాన్ని రెండు చేతుల మీదా తిప్పి మంచం మీద పరిచాను.

వెనక గళ్ళు.

గళ్ళు గళ్ళుగా గదులు. గదికి మూడు తలుపులు. తలుపుల్లోంచి ఎర్ర బాణాలు.

కింది మూలన చిన్న అంకె.

అరవై మూడు.

"ఒసేయ్!" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఒసేయ్ ఒసేయ్ ఒసేయ్!"

చెల్లి వంగింది. రెండో లైను చదివే ఓపిక లేని మనిషి ఆ ఒక్క అంకెనీ చదువుతూ ఉండిపోయింది.

కేకలకి అమ్మ వచ్చింది. కాగితం చూసింది.

"ఆ గళ్ళా? అంటించేటప్పుడే చూశాగా. వాటి మీదే పూశాను జిగురు."

"చూశావా! మరి చెప్పలేదేం?"

"మీరు నన్నడిగారా? పేజీ పోయింది, పేజీ పోయింది అని మీరూ మీరూ జుట్లు పట్టుకున్నారు. నేనంటించింది పోస్టరు. పేజీ గురించి నాకేం తెలుసు?"

మా లెక్కా అదేగా. పోస్టరు పోస్టరే, పేజీ పేజీయే. ఆ తలుపు ముందే కూర్చుని, ఆ పిల్ల మొహం చూస్తూనే, పేజీ కోసం కొట్టుకుని చచ్చాం!

నేను చింపలేదు.

పైకే అన్నాను. వీధి చివరి దాకా వినపడాలని అన్నాను. "నేను చింపలేదు!"

"లేదమ్మా లేదు, మీరు చింపలేదు," అన్నాడు సామాన్లాయన కంగారుగా. ఏం చింపలేదో ఆయనకేం తెలుసు!

చెల్లి మాత్రం నవ్వలేదు. కళ్ళనిండా నీళ్ళు.

"నువ్వు చింపలేదే అక్కా."

ఆహా.

ఇంకోసారి అనమన్నాను. అంది. ఇంకోసారి అనమన్నాను. "చాల్లే" అంది, ముక్కు చీదుకుంటూ.

గెలిచాను. నా గుండెల మీది నుంచి ఒక బీరువా దిగిపోయింది.

*

అటక మీది ఆట పెట్టె కిందికి దిగింది. క్యాసెట్ లోపలికి ఊదింది చెల్లి, దుమ్ము నా కళ్ళలో పడేలా. టీవీ గుర్రుమంది, మినుకుమంది, పాట మొదలైంది. పాస్‌వర్డ్ దాని వేళ్ళకే గుర్తుంది. టకటకా కొట్టేసింది.

ఉప్పుకోట.

"బండి కింద ఆగి ఉందమ్మా," అన్నాడు సామాన్లాయన.

"ఉండనివ్వండి," అంది అమ్మ. ఆయనకి స్టూలు జరిపింది. ఆయన కూర్చున్నాడు.

నేను మంచం మీద, తడి కాగితం ముందు. చెల్లి నేల మీద, నాకు వీపు పెట్టి. వెనక్కి తిరగదు. కట్టుబాటు కట్టుబాటే.

"ఎడమ తలుపు."

తెరుచుకుంది.

"నడిమిది."

తెరుచుకుంది!

"మళ్ళీ నడిమిది. తీశాక ఆగు... పైనుంచి రాయి పడుతుంది. పడనీ. ఇప్పుడు కుడికి."

నా గొంతు దారిలో పడింది. దాని వేళ్ళు దారిలో పడ్డాయి. గది, గది, గది. ఇంతవరకూ కాలు పెట్టని గదులు. మధ్యలో ఒక పసుపు గడి — "ఇక్కడ గోడ మీద రాసింది నమ్మకండి." నమ్మలేదు! దాటినప్పుడల్లా చెల్లి చెయ్యి వెనక్కి వచ్చి నా తొడ మీద చరుస్తోంది. క్రేను నడిపే చెయ్యి, మంట పుడుతోంది. పుట్టనీ.

"అదీ, అదీ!" అంటున్నాడు సామాన్లాయన, ఆయనే ఏదో ఇల్లు గెలుస్తున్నట్టు.

ఆఖరి గది.

"చెప్పు," అంది చెల్లి.

చూశాను. అక్కడ కాగితం లేదు. చిన్న చిరుగు. మొండికేసినప్పుడు కొంచెం లాగాను కదా, అదే చోటు. ఆ ముక్క బీరువా తలుపుకే ముద్దయి ఉంది.

ఇది మాత్రం నేనే చింపాను.

"ఇక్కడ లేదే. చిరిగిపోయింది."

చెల్లి వెనక్కి తిరగలేదు. చింపావా అని అడగలేదు.

"నువ్వు చెప్పవే అక్కా. ఏదంటే అది తీస్తా."

"పుస్తకంలో లేదంటుంటే..."

"చెప్పు."

మొదటిసారి తల ఎత్తి తెర వైపు చూశాను. మూడు తలుపులు. మూడూ తెల్లగానే ఉన్నాయి. కింద లాంతరు పిల్ల నిలబడి ఉంది, ఇంత చిన్నగా. నా నోటి మాట కోసమే నిలబడి ఉంది.

"ఎడమ," అన్నాను.

చెల్లి నొక్కింది. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

తలుపు కదిలింది. తెరంతా తెల్లబడింది.

తడి కాగితాన్ని ఎత్తి మొహానికి ఆనించుకున్నాను. నున్నటి కాగితం వాసన... మైదా జిగురు, ఆవిరి, ఆ అడుగున ఎక్కడో ఇంకా కాస్త సిరా.

తెర తెల్లగానే ఉంది.

దబ్ అనే చప్పుడు ఇంకా రాలేదు.