తుపాకి తీర్పు

రెండిళ్ళకీ కలిపి ఒకటే తుపాకి, రెండోది గడప తొక్కిందా మేం గడప దాటుతాం అని ఆడవాళ్ళిద్దరూ తేల్చి చెప్పారు. గొడవంతా అక్కడ మొదలైంది. రెండు కొనుక్కోనిచ్చి ఉంటే ఎవరిది వాళ్ళు కాల్చుకుని, మసి ముఖాలతో ఇంటికొచ్చి, కాఫీ తాగి పడుకునేవాళ్ళు.

ప్రేమానందం, సత్యం అరిజోనాలోని చాండ్లర్‌లో ఒకే చిప్‌ల ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్ళు పనిచేశారు. తలనుంచి కాలిదాకా తెల్ల తొడుగులు వేసుకుని, గదిలో దుమ్ము రేణువు పడితే కొంప మునిగినట్టు బతికారు. అందుకే కాబోలు, రిటైరవగానే ఇద్దరికీ మసి మీద మోజు పుట్టింది. ఊరి బయట ఎడారిలో పాతకాలపు తుపాకుల క్లబ్బు ఒకటుంది. అక్కడివన్నీ నూట అరవై ఏళ్ళ కిందటి రివాల్వర్లకి ఇప్పుడు పోతపోసిన నకళ్ళు. వాటికి తూటాలుండవు. చక్రంలో ఒక్కొక్క అరలో కొలిచి మందు పోయాలి, సీసం గుండు పెట్టి మీటతో దిగ్గొట్టాలి, గుండు మీద కొవ్వు మెత్తాలి, వెనకవైపు మొనలకి చిటికెన వేలి గోరంత, కొడితే నిప్పు రవ్వ పుట్టించే రాగి టోపీలు తొడగాలి. అయిదుసార్లు ఢామ్మనిపించడానికి పావుగంట పూజ. దీపావళి బిళ్ళల తుపాకికి ముత్తాత అనుకోవచ్చు.

ఆ నమూనాల్లో రెండు ముఖ్యం. సత్యం మనసు కోల్ట్ మీద పడింది. ప్రేమానందం రెమింగ్టన్ అన్నాడు. నెల రోజులుగా ప్రేమానందం భార్య దేవకుమారి భోజనాల బల్ల దగ్గర ఇదే రామాయణం.

"దాని నడుము చూడు బావా! చేతిలో పెట్టుకుంటే మనకోసమే కొలత తీసి చేసినట్టుంటుంది," అనేవాడు సత్యం.

"నడుము ఉంది, నెత్తి లేదు," అనేవాడు ప్రేమానందం. "పైన పట్టీయే లేదు కదయ్యా. గొట్టాన్ని, ఒంటిని కలిపి పట్టుకునేది ఒక మేకు. నాదానికి పైనుంచి ఇంత లావు ఇనప పట్టీ ఉంది. పిన్ లాగితే చక్రం ఊడి చేతిలోకొస్తుంది. నీది విప్పాలంటే వడ్రంగిని పిలవాలి."

"నీ పిన్‌కి మసి పడితే ఆ చక్రం తిరగనే తిరగదు. గానుగెద్దుని కట్టుకోవాలి."

"చెల్లెమ్మా, నువ్వు చెప్పు," అని ఇద్దరూ ఒకరి భార్య వైపు ఒకరు తిరిగేవాళ్ళు. ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు కాబట్టి, ఒకరి భార్య ఇంకొకరికి చెల్లెలు. ప్రేమానందం వాళ్ళది చర్చి, సత్యం వాళ్ళది గుడి. చుట్టరికం మాత్రం ఫ్యాక్టరీ పార్కింగ్ లాట్‌లో కలిసింది.

సత్యం భార్య చంద్రిక చేతులెత్తేసింది. "నాకు రెండూ చెడిపోయిన కుక్కర్లలాగే కనిపిస్తాయి. వదినని అడగండి, ఆవిడ పుస్తకాలు చదువుతుంది."

అలా దేవకుమారి జడ్జి అయింది. చీరాల మిషన్ బడిలో ఏడో తరగతితో ఆగిపోయిన మనిషి. ఇంగ్లీషు ఈ ఊరి లైబ్రరీలో, డిక్షనరీ ఒళ్ళో పెట్టుకుని తనంతట తను నేర్చుకుంది. ఏది మొదలుపెట్టినా చివరి అట్టదాకా చదువుతుంది. వాషింగ్ మెషీన్ గ్యారంటీ కాగితం కూడా వదలదు, అందులో ఎక్కడో ప్రమాదం దాగి ఉంటుందని ఆమె భయం. తుపాకుల మీద నాలుగు పుస్తకాలు తెచ్చి, కళ్ళజోడు మార్చుకుంటూ మూడు వారాలు చదివింది.

చదువుతున్నది తుపాకి గురించే అయినా, ఆలోచిస్తున్నది జెర్సీ సిటీ గురించి.

నెల కిందట వెల్లుల్లి రేకలు ఒలుస్తూ చంద్రిక అంది, "అనిక మమ్మల్ని వచ్చేయమంటోంది వదినా. వాళ్ళ బిల్డింగ్‌లోనే రెండు గదుల ఫ్లాట్ చూసిందట." అనిక వాళ్ళ కూతురు. దేవకుమారి చేతిలో రేక అలాగే ఉండిపోయింది. "ఓహో," అంది. అంతే. తరవాత చంద్రికా ఎత్తలేదు, దేవకుమారీ అడగలేదు. అడిగితే జవాబు తేదీ రూపంలో వస్తుందని ఆమెకి అనుభవం. ఈ ఊళ్ళో ఆమెకి దగ్గరైన వాళ్ళందరూ అంతే. ప్రాజెక్ట్ అయిపోయింది ఆంటీ, డల్లాస్ వెళ్తున్నాం అంటారు. వీసా కుదర్లేదు, సామాన్లు సర్దుకుంటున్నాం అంటారు. వెళ్తూ వెళ్తూ విమానంలో పట్టని కరివేపాకు కుండీ ఆమెకి అప్పజెప్తారు. పెరట్లో ఇప్పుడు పదకొండు కుండీలున్నాయి. నీళ్ళు పోస్తూ ఉమ, ఫణి, భవిత అని వాళ్ళ పేర్లతోనే వాటిని పలకరిస్తుంది. పన్నెండోది పెట్టడానికి చోటు లేదు, ఆమెకి ఓపికా లేదు.

మూడో పుస్తకంలో ఆమెకి ఒక వెలుగు కనిపించింది. జెర్సీ సిటీ ఉన్న న్యూజెర్సీలో ఇలాంటి పాతరకం వాటికి కూడా పర్మిట్ కావాలని రాసి ఉంది. అరిజోనాలో ఆ బాధ లేదు. అంటే సత్యానికి నచ్చిన తుపాకి సత్యం చేతికొచ్చి, అతను దానికి అతుక్కుపోతే? దాన్ని వదిలి, ఎడారిని వదిలి, ఆ మేడల మధ్యకి పోతాడా? పోడు. కాబట్టి కోల్టే నెగ్గాలి. మొగుడికి కోపమొస్తే రానీ. మొగుడు ఎక్కడికీ పోడు కదా.

తీర్పు ఉత్తినే చెప్తే ప్రేమానందం ఊరుకోడు గనక, క్లబ్బులో అద్దె తుపాకులతో పరీక్ష పెట్టింది. అక్కడ కొవ్వు దగ్గర చిక్కొచ్చింది. క్లబ్బు డబ్బాలో ఉన్నది పశువుల కొవ్వు.

"నలభై ఏళ్ళు ఈ దేశంలో గుడ్డు కూడా ముట్టకుండా నెట్టుకొచ్చాను," అన్నాడు సత్యం. "ఇప్పుడు ఆ కొవ్వు వేలితో తీసి పూయాలా? యాభై ఏడులో సిపాయిలు దీనికోసమే కదా తిరగబడ్డది!"

"వాళ్ళని పళ్ళతో కొరకమన్నారు బావా. నిన్ను కొరకమన్నదెవరు?"

"కొరకను, పూయను. నా తిరుగుబాటు నాది."

దేవకుమారి మళ్ళీ పుస్తకం తిరగేసింది. పెట్రోలు జాతి నూనెలు పనికిరావు, మసితో కలిసి తారులా అంటుకుంటాయి. సహజమైన కొవ్వులైతే మంచిదే అని ఉంది. సహజమైన కొవ్వు అనగానే తెలుగు ఆడదానికి ఇంకేం గుర్తొస్తుంది? వెన్న తెచ్చి కమ్మగా నెయ్యి కాచింది. చిన్న స్టీలు డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టింది. మర్నాటికి రాయిలా గడ్డకట్టింది. వేలితో నొక్కి చూసి, "అన్నయ్యగారికి ఇంతకంటే మంచిది దొరకదు," అని మురిసిపోయింది.

ఏప్రిల్ చివరి శనివారం పొద్దున నలుగురూ బయల్దేరారు. ఎండ అప్పటికే మాడు పగలగొడుతోంది. నల్లమందు బల్ల దగ్గర... కాదు, ఆ మాట అంటే వేరే సరుకు అనుకుంటారు, పాతరకం తుపాకిమందు బల్ల దగ్గర లొరేన్ అనే డెబ్భై ఏళ్ళ తెల్ల జడావిడ పెద్ద. పావలా కాసంత నవ్వు కూడా ఖర్చు పెట్టదు. తుపాకి ఎప్పుడూ ఎదుటి మట్టిదిబ్బ వైపే ఉండాలి, తను చెప్పేదాకా ఎవరూ ముట్టుకోకూడదు అని వేలు చూపించి మరీ చెప్పింది.

ప్రేమానందం రెమింగ్టన్ నింపుకుని, పశువుల కొవ్వు పూసుకుని సిద్ధమయ్యాడు. సత్యం డబ్బా మూత తీశాడు. లోపల నెయ్యి పప్పన్నంలోకి పోసుకునేలా తేటగా మెరుస్తోంది.

"కరిగిపోయింది చెల్లెమ్మా."

"పరవాలేదు అన్నయ్యగారూ, ధారాళంగా పూయండి," అంది దేవకుమారి, ఆ మాట అనకుండా ఉండాల్సిందని క్షణంలో తెలుసుకోబోతూ.

అతను ధారాళంగానే పూశాడు. అదే వేళ్ళతో టోపీలూ తొడిగాడు. ప్రేమానందం అయిదుసార్లు కాల్చాడు, అయిదూ పేలాయి, పొగలో మనిషి కనబడలేదు. సత్యం కోల్ట్ ఎత్తాడు. మొదటిది పేలింది. రేంజ్ అంతా లడ్డూలు చేస్తున్న ఇల్లులా ఘుమఘుమలాడింది. పక్క బల్ల వాళ్ళు ముక్కులెగరేశారు. రెండోది టిక్కుమంది. ఆలస్యంగానైనా పేలుతుందేమోనని లొరేన్ అర నిమిషం కదలకుండా నిలబెట్టింది. మూడోది టిక్. నాలుగోది టిక్, అయిదోదీ అంతే. నెయ్యి వెనక్కి జారి టోపీల్లోకి ఇంకిపోయింది.

"పప్పులో నెయ్యి వేస్తారు గానీ బావా," అన్నాడు ప్రేమానందం పొట్ట పట్టుకుని, "నెయ్యిలో పప్పుసుద్దని వేసినట్టుంది నీ కోల్ట్!"

సత్యం ముఖం మాడిపోయింది. తుపాకి బల్ల మీద పెట్టి రెండడుగులు వెనక్కి వేశాడు. "నవ్వు. బాగా నవ్వు. ఎలాగూ పోయేవాణ్ణేగా. జెర్సీ సిటీలో ఇలా వెటకారం చేసేవాళ్ళుండరు."

 ఎవరిని నెగ్గించాలని దేవకుమారి మూడు వారాలు చదివిందో అతన్ని తన చేతి నెయ్యే ఓడించింది. ముందుకొచ్చి, "తప్పు తుపాకిది కాదు, నాది," అంది. "నెయ్యి ఎండకి కరుగుతుందని ఈ అరిజోనాలో ముప్ఫై ఏళ్ళున్నదానికి తెలియాలా వద్దా? ఏమండీ, నవ్వు ఆపండి. పరీక్ష మళ్ళీ."

లొరేన్ ఆ కోల్ట్‌ని తనే ఖాళీ చేసి, తుడిచి, కింద సొరుగులోంచి ఇంకో డబ్బా తీసింది. తేనెమైనం, ఆలివ్ నూనె కలిపి చేసిందట. మాంసం తినని వాళ్ళు ఇదివరకూ వచ్చారట. అడిగితే ముందే ఇచ్చేదాన్నిగా అన్నట్టు చూసింది.

ఈసారి కోల్ట్ పాట పాడినట్టు పేలింది. నాలుగు గుండ్లలో మూడు కాగితం మీద, ఒకటి నల్ల చుక్క అంచున. సత్యం గూని తగ్గి మనిషి నిటారుగా అయ్యాడు. దేవకుమారి లోలోపల దేవుడికి స్తోత్రం చెప్పుకుంది. రెమింగ్టన్‌తో ప్రేమానందం లావు వేలు ట్రిగ్గర్ కమ్మీకి కొట్టుకుని కందిపోయింది కూడా. ఇంకేం, తీర్పు రాసేసినట్టే.

అయిదో దెబ్బకి, టోపీని కొట్టే సుత్తి సగంలో ఆగిపోయింది. కాలిన రాగి టోపీ చిట్లి, ఆ ముక్క సుత్తి సందులో పడింది. కోల్ట్ నమూనాలో ఇది మామూలేనని పుస్తకాలన్నీ రాశాయి. ఆ పేజీలు దేవకుమారే గబగబా తిప్పేసింది.

"ఒక్క నిమిషం," అంటూ సత్యం వేలితో ఆ ముక్కని గీకబోయాడు. వేలు గీకుతుంటే గొట్టం మెల్లగా పక్కకి తిరిగింది. ఇంకా మందున్న ఒక అర లోపలే ఉంది.

"దిబ్బ వైపు!" అని లొరేన్ అరిచిన అరుపుకి పక్క బల్లలవాళ్ళు కూడా బిగుసుకుపోయారు. ఆవిడ అతని మణికట్టు పట్టుకుని గొట్టాన్ని తిప్పి పెట్టింది. ఏమీ కాలేదు.  జెర్సీ సిటీకి వెళ్ళినవాళ్ళు ఫోనన్నా చేస్తారు కదా అనుకుంది దేవకుమారి.

ముక్క తీసేసి, మిగిలిన దెబ్బ లొరేనే కాల్చేశాక, నలుగురూ నీడలో కూర్చున్నారు.  చంద్రిక సీసాలో మజ్జిగ అందరికీ పోసింది.

"రెమింగ్టన్," అంది దేవకుమారి.

ప్రేమానందం నోరు తెరవబోతే ఆమె చెయ్యి అడ్డంపెట్టింది. "మీరు నెగ్గారని కాదు. అది చిక్కుకోవడం తక్కువ. చక్రం ఊడదీసి చూసుకోవచ్చు. గురి చూసే గాడి కదలని పట్టీ మీదుంటుంది గనక, శుక్లం తీయించుకున్న అన్నయ్యగారి కంటికి బాగా ఆనుతుంది. కోల్ట్ అందంగా ఉంది, నేనూ ఒప్పుకుంటాను. మనకి అందం వయసు దాటిపోయింది."

"అంటే నా మాట కొట్టేశావన్నమాట," అన్నాడు సత్యం. గొంతులో కోపం లేదు, చిన్నబుచ్చుకోవడం ఉంది. "మంచిదే. పోతూ పోతూ బావకి ఒక తుపాకి ఇచ్చి పోతాను."

"పోకండి."

మాట బయటికొచ్చాక గానీ ఆమెకే తెలియలేదు, తనే అందని. "నేను కోల్ట్ అని చెబుదామనే వచ్చాను. మీకు నచ్చింది మీకిస్తే ఇక్కడే ఉండిపోతారని. అక్కడ పర్మిట్ కావాలట, మీరు విసుక్కుని మానేస్తారని. చెప్పలేకపోయాను. తుపాకి మాట వేరు. మీరు మాత్రం పోకండి. వదినా, నువ్వూ."

చంద్రిక మజ్జిగ సీసా కింద పెట్టింది. "నెల రోజుల్నించి చూస్తున్నా వదినా, ఈ మాట నీ నోట్లోంచి వస్తుందా రాదా అని. వెల్లుల్లి ఒలిచే రోజునే అంటావనుకున్నా. నువ్వేమో ఓహో అని, నెయ్యి కాచుకుంటూ కూర్చున్నావు! అక్కడ రమ్మనేది ఒకత్తి ఉంది. ఇక్కడ ఉండమనేది ఎవరున్నారు అని ఈయన రోజూ అంటున్నాడు."

"నేనన్నాగా!" అన్నాడు ప్రేమానందం.

"మీరన్నారా? ఎప్పుడు?"

"మనసులో."

సత్యం గడ్డం గోక్కున్నాడు. గోక్కున్నంత మేరా మసి అంటుకుంది. "అనికకి మాటిచ్చేశాం చెల్లెమ్మా. అది కూడా మా కోసం కళ్ళు కాయలు కాచేలా చూస్తోంది. ఎండాకాలం అక్కడుంటాం. దసరా దాటగానే వచ్చేస్తాం, ఉగాది వెళ్ళేదాకా కదలం. ఇల్లు అమ్మం. సరేనా?"

 ఇంతవరకూ దేవకుమారికి తెలిసినవన్నీ నిండు ఎడబాట్లే. సగం ఎడబాటు అనేది ఒకటుంటుందని, అడిగితే ఇస్తారని ఆమెకి తెలియదు. వేలి కణుపుల మీద నెలలు లెక్కపెట్టింది.

"మే మధ్యలో వెళ్తే దసరాకి అయిదు నెలలు కదా?"

"అవును, అయిదు. ఈ ఏడు అధికమాసం కూడా వచ్చింది. అందుకే పండగ అంత ఆలస్యం," అన్నాడు సత్యం. పంచాంగం అతనికి నోటికొచ్చు. "మే పదిహేడున మొదలు, జూన్ మధ్యదాకా."

దేవకుమారికి పంచాంగం తెలియదు. అధికం అంటే ఎక్కువ అని మాత్రం తెలుసు.

"అయితే ఆ ఎక్కువ వచ్చిన నెల మాది," అంది. "అది ఇక్కడే ఉండి వెళ్ళండి."

చంద్రిక నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "అడగడం చేతకాదు అనుకున్నాం. మొదలుపెట్టాక ఆగేలా లేదే ఈవిడ!"