మామగారి పంతొమ్మిదో తారీఖు

మామగారి కళ్ళజోళ్ళ షాపు ముందు ఒక నల్లబల్ల ఉంటుంది. పొద్దున్నే సుద్దముక్క పట్టుకుని దాని మీద ‘చరిత్రలో ఈ రోజు’ రాయందే ఆయన కాఫీ కూడా ముట్టరు. ఫలానా యుద్ధం ముగిసింది, ఫలానా వంతెన తెరిచారు, ఫలానా మహానుభావుడు కన్నుమూశాడు. జనానికి విజ్ఞానం పంచుతున్నానని పైకి చెబుతారు గానీ అసలు కిటుకు వేరే ఉంది. పై వరస అక్షరాలు అరచెయ్యంత ఉంటాయి, ఆఖరి వరసకొచ్చేసరికి చీమలంత. దారిన పోయేవాళ్ళు యుద్ధం దాకా హాయిగా చదివి, మహానుభావుడి దగ్గర కళ్ళు చికిలిస్తారు. ఆయన గుమ్మంలో కాచుకుని ఉండి, “లోపలికి రండి, ఒక్కసారి చూసేద్దాం,” అంటారు. లోపల కోడలు కళ్ళు పరీక్ష చేస్తుంది. వెనక గదిలో కొడుకు అద్దాలు అరగదీస్తాడు. అలా ఆ ఇల్లు చరిత్ర మీద బతుకుతోంది.

అయితే మార్చి పంతొమ్మిది వచ్చిందంటే ఆయనకి యుద్ధాలూ వంతెనలూ కంటికి ఆనవు. ఆయన పుట్టినరోజు అదే. పెళ్ళిరోజు అదే. షాపు తెరిచిందీ, కొడుకు పుట్టిందీ ఆ రోజే. ఫ్రిజ్ కొన్నది కూడా ఆ రోజే, దానికోసం ఎండాకాలం పొడుగునా ఇంటిల్లిపాదీ గోరువెచ్చని నీళ్ళు తాగారు. కొడుకు పెళ్ళి కూడా పట్టుబట్టి అదే తారీఖున చేయించారు. ఇన్నింటికీ కలిపి కేకు మాత్రం ఒక్కటే. ఇంతమంది పేర్లు పట్టవు కాబట్టి దాని మీద ‘అందరికీ’ అని రాయిస్తారు. కిందటేడు కోడలి మొదటి పెళ్ళిరోజు. వరస ప్రకారం ఒక్కొక్కరూ కోసుకుంటూ పోగా వీళ్ళ వంతు వచ్చేసరికి పళ్ళెంలో ‘కీ’ ఒక్కటి మిగిలింది. మొగుడూ పెళ్ళాం దాన్నే చెరి సగం తిన్నారు.

అందుకే, కాన్పు మార్చి మూడో వారంలో అవ్వచ్చని డాక్టరమ్మ అన్నప్పుడు కోడలి గుండెల్లో రాయి పడింది. మామగారేమో పట్టరాని సంతోషంతో, ఈసారి బల్ల మీద కింద ఒక వరస ఖాళీ ఉంచుతానని వీధంతా చెప్పుకొచ్చారు.

“మావయ్యగారూ, నా బిడ్డకి దాని రోజు దానికుండాలండీ,” అందామె, ఇక తాడోపేడో తేల్చుకుందామని.

“పిచ్చిదానా! పంతొమ్మిదిన పుట్టడమంటే మాటలా? ఎంతమంది సరసన చేరుతుందో తెలుసా?”

“ఆ సరసన చేరినవాళ్ళకి కేకు దక్కట్లేదుగా!”

మామగారు వినపడనట్టు సుద్దముక్క వెతుక్కున్నారు. మొగుడు చల్లగా వెనక గదిలోకి జారుకుని మిషను ఆన్ చేశాడు.

ఆ సాయంత్రం అత్తగారు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుంది.

“అమ్మాయ్, ఒక మాట చెబుతాను, కంగారుపడకు. మీ ఆయన పుట్టింది ఇరవైన.”

కోడలు నోరెళ్ళబెట్టింది.

“ఈయన నర్సు కాళ్ళావేళ్ళా పడి పంతొమ్మిదని రాయించారు. నేను మంచం మీంచి లేవలేని దాన్ని, ఏం చేయను?”

“మరి మావయ్యగారికి ఆ పంతొమ్మిదంటే ఎందుకంత ఇది?”

అత్తగారి చేతులు ఆగిపోయాయి. “అసలు ఆయన పుట్టిందే ఎప్పుడో ఎవరికీ తెలీదు. పసితనంలోనే అమ్మా నాన్నా పోయారు. దూరపు బాబాయెవరో బళ్ళో చేర్చడానికి తీసుకెళ్తే, పుట్టినరోజు చెప్పమన్నారట. బాబాయి బుర్ర గోక్కున్నాడు. హెడ్మాస్టరు ఆ రోజు తారీఖే వేసేశాడు. పొద్దున బడికెళ్ళినవాడు సాయంత్రానికి పుట్టినరోజుతో ఇంటికొచ్చాడు. అది ఎక్కడ ఎగిరిపోతుందోనని అప్పట్నుంచీ దాని మీద ఏదో ఒక బరువు పెడుతూనే ఉన్నారు.”

కోడలికి మామగారి మీద జాలేసింది. భయం కూడా రెండింతలైంది. ఒకసారి రాయించిన మనిషి రెండోసారి రాయించడని నమ్మకమేముంది?

పద్దెనిమిదో తారీఖు పొద్దున ఒక పెద్దాయన కుర్చీలో కూర్చుని అక్షరాలు చదువుతుండగా కోడలికి నొప్పులు మొదలయ్యాయి. అద్దం మార్చబోయిన చెయ్యి ఆయన భుజం మీద పడి బిగుసుకుంది. పాపం, తప్పు చదివినందుకు శిక్షేమో అనుకుని ఆయన మళ్ళీ మొదట్నుంచి గడగడా అప్పజెప్పాడు.

“మావయ్యగారూ!”

మామగారు పరుగున వచ్చారు. కోడలి మొహం చూశారు, గోడ మీద క్యాలెండరు చూశారు.

“అమ్మా, ఒక్క రోజు... ఓర్చుకోలేవూ?”

అత్తగారు ఒంటికాలి మీద లేచింది. “ముందు ఆ టాక్సీని పిలుస్తారా, లేక ఇక్కడే కనేయమంటారా?”

మధ్యాహ్నానికి ఆస్పత్రిలో ఆడపిల్ల పుట్టింది. అత్తగారు మందులకని వెళ్ళింది, మొగుడు ఎందుకో తెలియకుండానే ఆవిడ వెంట పరిగెత్తాడు. మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని మామగారొక్కరే మంచం పక్కన మిగిలారు. సరిగ్గా అప్పుడే నర్సు కాగితాలతో వచ్చి, కోడలు మగతగా ఉందని ఆయన్నే అడిగింది.

“పుట్టిన తేదీ చెప్పండి.”

కోడలికి మగత వదిలిపోయింది. లేద్దామంటే ఒంట్లో సత్తువ లేదు. పాప పిడికిట్లో మామగారి చిటికెనవేలుంది. ఆయన దాని మొహంలోకి చాలాసేపు చూశారు.

“పద్దెనిమిది,” అన్నారు. “పద్దెనిమిదే రాయండమ్మా. బాగా కనపడేట్టు రాయండి. నా సంగతి చెప్పడానికి ఎవరూ లేకపోయారు. దీనికి నేనున్నాను. తలుపు బయటే నిలబడి మొదటి ఏడుపు విన్నాను.”

కోడలు మొహం గోడవైపు తిప్పుకుని ఏడ్చేసింది.

మర్నాడు పంతొమ్మిది. మొగుడు కేకు ముక్క పట్టుకొచ్చాడు. కోడలు ఆశగా మూత తీసి చూసింది. ఈసారి ‘అం’ దక్కింది.

“బల్ల మీద ఇవాళ ఏం రాశారు?”

“ఇవాళ రాయలేదు. నిన్నటిది చెరపనివ్వట్లేదు.”

“నిన్నేం రాశారు?”

“మిగతావన్నీ తుడిచేసి, ‘ఈ రోజు నా మనవరాలు పుట్టింది’ అని రాశారు. బల్ల ఈ చివర్నుంచి ఆ చివరిదాకా. వీధి అవతల నుంచి ముసలాళ్ళు కూడా జోడు తీసేసి చదివి వెళ్ళిపోతున్నారు. నిన్నట్నుంచీ ఒక్క బేరం లేదు.”