ప్రేమదాసు నిలబడిన ఆదివారం

ప్రేమదాసు లేచి నిలబడ్డాడన్న సంగతి లోకమంతటికీ తెలిశాక, ఆఖర్న అతని ప్లీడరుకు తెలిసింది.

తెలిసిన చోటు కోర్టు క్యాంటీను. తెలియజేసినవాడు బీమా కంపెనీ ప్లీడరు శశిభూషణ్. "గురువు గారూ, మీ క్లయింటుకి నా శుభాకాంక్షలు చెప్పండి" అంటూ ఫోను తీసి, జానకిరామయ్య గారి ఇడ్లీ ప్లేటుకి ఆనించి నిలబెట్టాడు. ఫోను నిలబడింది. అందులో ప్రేమదాసూ నిలబడ్డాడు.

చర్చి వేదిక. రంగు బల్బులు. ప్రసంగం బల్లకి ముందువైపు నేల దాకా వేలాడే ఎర్ర మఖమల్ గుడ్డ. దాని వెనక తెల్లచొక్కాలో ప్రేమదాసు, మైకు పట్టుకుని, నిటారుగా. "మంచాన పడి ఉన్న నన్ను దేవుడు లేపి నిలబెట్టాడు! స్వస్థపరిచాడు!" అని కేక. చప్పట్లు. చూసినవాళ్లు పదకొండు వేలమంది.

జానకిరామయ్య గారు ఇడ్లీ మింగారు. చట్నీ సంగతి మర్చిపోయారు.

ప్రేమదాసుది పర్చూరు వైపు పల్లె. మిరప కోతలకీ పత్తి తీతలకీ కూలికి పోయేవాడు. రెండేళ్ల కిందట సైకిలు మీద ఇంటికొస్తుంటే పత్తి బేళ్ల లారీ వెనకనించి గుద్దింది. పత్తి మెత్తనిదంటారు. లారీడు పత్తి వీపు మీదికి వస్తే ఎంత మెత్తగా ఉంటుందో ప్రేమదాసు వెన్నుపూసకి తెలుసు. నడుము కిందనించి స్పర్శ పోయింది. కాళ్లున్నాయి. పాత రేషను కార్డులో పోయినవాళ్ల పేర్లున్నట్టు ఉన్నాయి. అప్పట్నించీ కేసు నడుస్తోంది. ప్రేమదాసు తరపున నడుస్తున్నది అదొక్కటే.

జానకిరామయ్య గారికి చీరాలలో ముప్పై నాలుగేళ్ల ప్లీడరీ. ఉచిత న్యాయ సహాయం ఇచ్చే వకీళ్ల జాబితాలో పేరుంది కాబట్టి ఫీజు లేని కేసులన్నీ ఆయన గుమ్మమే తొక్కుతాయి. కేసు ఉచితమే గానీ మాట ఎప్పుడూ సముచితంగా ఉండదని తోటి ప్లీడర్ల ఫిర్యాదు. మనిషి కంటే ముందు గొంతు వస్తుంది, గొంతు కంటే ముందు శ్లేష వస్తుంది. "పరిహారం అడిగితే పరిహాసం చేస్తారయ్యా! బీమా వాళ్లకి అంత ధీమా!" అని ఆయన అన్నప్పుడల్లా బార్ రూములో రెండు కుర్చీలు ఖాళీ అవుతాయి. ఆ కుర్చీల్లో ఒకటి ఒకప్పుడు శశిభూషణ్‌ది. ఆయన దగ్గరే జూనియర్‌గా ఆరేళ్లు విని, ఇక వినలేక అవతలి పక్షానికి వెళ్లాడు.

తప్పు లారీదేనని దానికి బీమా ఇచ్చిన కంపెనీ ఎప్పుడో ఒప్పుకుంది. తగువంతా ఒక్కదాని మీద. ప్రేమదాసుకి జన్మంతా మనిషి సాయం కావాలా, అక్కర్లేదా? కావాలని తేలితే మనిషిని పెట్టుకోవడానికి సొమ్మొస్తుంది. తేలకపోతే ఉన్నది భార్య రెబ్కా ఒక్కతే. అతన్ని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. పోయిన మిరప కోతలప్పుడు ఆమె ఇరవై రోజులు పనిలోకి పోయింది. తిప్పేవాళ్లు లేక తుంటి మీద రూపాయి బిళ్లంత పుండు లేచి, కోతలు అయ్యేసరికి అరచెయ్యంత అయింది. ఇంకోసారి ఇలా అయితే మనిషి దక్కడని డాక్టరు చెప్పాడు. మళ్లీ కోతలు ఇంకో ఎనిమిది నెలల్లో ఉన్నాయి.

ఆ సాయంత్రమే జానకిరామయ్య గారు బస్సెక్కి, ఆటో ఎక్కి, ప్రేమదాసు వాకిట్లో దిగి మూడుసార్లు తుమ్మారు. రెబ్కా చాట ముందేసుకుని మిరపకాయల్లో తాలు ఏరుతోంది.

"ఏమయ్యా, లేచి నిలబడ్డావట? పనిలో పని, పరిగెత్తావా కూడా?"

మంచం మీదనించి ప్రేమదాసు మొహం వెలిగింది. "చూశారా అండీ? వీడియో బాగా వచ్చిందన్నారు."

"బాగా వచ్చింది. బీమా కంపెనీకి మరీ బాగా వచ్చింది. ఎందుకు చెప్పావయ్యా అదంతా?"

"కోత పండగ కదండీ," అంది రెబ్కా. "కోతలయ్యాక తొలి పంట చర్చికి తెస్తాం. సంఘం ఆ ఏడు ఎవరి కోసం ప్రార్థన చేసిందో వాళ్లు ఆ రోజు ముందుకొచ్చి సాక్ష్యం చెప్పాలి. మాలో అది పద్ధతి."

"చెప్పండి. వద్దన్నానా? ఏదో కొంచెం నయం అని చెప్పి ఊరుకోవచ్చుగా?"

ప్రేమదాసు ఆయన వైపు జాలిగా చూశాడు. "కొంచెమా అండీ? సంఘమంతా నలభై రోజులు ఒంటిపూట పస్తున్నారు నాకోసం. గురవమ్మని ముసలావిడ, షుగరు మనిషి, కళ్లు తిరిగి పడిపోయింది కూడా. అంత చేశాక కొంచెం నయం అంటే, పెళ్లికి పోయి భోజనం పర్లేదన్నట్టు ఉండదూ? జలుబు తగ్గినోళ్లే డాక్టర్లు చేతులెత్తేశారని చెబుతారు. నాకు నిజంగానే ఎత్తేశారు. మరి నేనెంత చెప్పాలి?"

జానకిరామయ్య గారు మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"సరే, నిలబడింది ఎట్లా?"

"ఇది బల్ల కింద కూర్చుని మోకాళ్లు అదిమిపట్టింది. పాస్టరు గారబ్బాయి ప్రభు వెనకనించి వంగి బెల్టు పట్టుకున్నాడు. మఖమల్ గుడ్డ ఉందిగా, ఎవరికీ కనపడరు."

"దేవుడు రక్షించాడు! ఆ ప్రభుని కోర్టుకి పిలుద్దాం."

"అడిగానండి," అంది రెబ్కా. "నేను పట్టుకున్నానని కోర్టులో చెబితే మా నాన్న తలెక్కడ పెట్టుకుంటాడక్కా అన్నాడు. పోనీ నేనే చెబుదామన్నా, పెళ్లాం మాట ఎవరు నమ్ముతారు?"

"అయితే నువ్వే చెప్పవయ్యా. ఆ రోజు చెప్పింది అబద్ధం అను. ఒక్క మాట."

ప్రేమదాసు తల అడ్డంగా ఊపాడు. "సంఘం ముందు దేవుడి పేరెత్తి చెప్పాను. అది అబద్ధమని కోర్టులో మళ్లీ దేవుడి పేరెత్తి చెప్పాలా? రెండుచోట్లా ఆయన ఒక్కడే కదండీ."

జానకిరామయ్య గారు ఒక్క శ్లేష కూడా వెయ్యకుండా ఆటో ఎక్కారు. ఆయన జీవితంలో ఇది రెండోసారి. మొదటిసారి పన్ను పీకించుకున్నప్పుడు.

వాయిదా రోజు వచ్చింది. ప్రేమదాసుని చక్రాల కుర్చీలో తెచ్చారు. అదే తెల్లచొక్కా. కోర్టుకి కూడా మంచి బట్టలేసుకోవాలి కదా అన్నాడు. చక్కగా తల దువ్వుకుని, ఆ హాల్లో అందరికంటే ఆరోగ్యంగా కనపడ్డాడు. జడ్జి గారు నడివయసు మనిషి. ఆవిడ నవ్వినట్టు ఏ రికార్డులోనూ లేదు.

శశిభూషణ్ వీడియో చూపించి, కోటు సర్దుకున్నాడు.

"ఇందులో ఉన్నది మీరేనా?"

"నేనేనండి."

"నిలబడి ఉన్నారా?"

"ఉన్నానండి."

"దేవుడు స్వస్థపరిచాడని అన్నారా?"

"అన్నానండి."

"అది నిజమా, అబద్ధమా?"

జానకిరామయ్య గారు కళ్లు మూసుకున్నారు.

"నిజమేనండి," అన్నాడు ప్రేమదాసు.

"అంతే మేడమ్. ఇంక నా ప్రశ్నలు లేవు" అని శశిభూషణ్ కూర్చోబోయాడు.

"ఇప్పుడు కూడా నిలబడతానండి," అన్నాడు ప్రేమదాసు. "మనుషులు కావాలి."

జడ్జి గారు కళ్లజోడు తీశారు. "మనుషులెందుకు? దేవుడు నిలబెట్టాడన్నారుగా?"

"అన్నానండి. ఒక్కడే నిలబెట్టాడని అన్లేదు. ఆ పూట ఇద్దరు మనుషుల్ని పెట్టుకుని నిలబెట్టాడు. వాళ్ల పేర్లు చెప్పలేదు, అది నా తప్పే."

"అభ్యంతరం మేడమ్! అదంతా కట్టుకథ," అని శశిభూషణ్ లేచాడు.

"కట్టుకథో కాళ్ల కథో చూస్తే తెలుస్తుంది," అన్నారు జానకిరామయ్య గారు, గొంతు తిరిగొచ్చి.

జడ్జి గారు చూపించమన్నారు. రెబ్కా చెంగు దోపి కుర్చీ ముందు కూర్చుంది. వెనక ప్రభు ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. జానకిరామయ్య గారికి హెర్నియా ఆపరేషనయి ఏడాది కాలేదు. బంట్రోతు ఏదో ఫైలు కోసం హడావిడిగా బయటికి పోయాడు.

"నేను పట్టుకుంటాను మేడమ్," అన్నాడు శశిభూషణ్. "మోసమైతే నా చేతికే తెలుస్తుంది."

"వెనకనించి రండి సార్," అంది రెబ్కా. "రెండు చేతులా బెల్టు పట్టుకోండి. అట్టా కాదు, తల ఆయన వీపుకి ఆనించాలి. ఆఁ. నేను మూడు అంటానే లేపండి. వదిలారో, ముందు నా మీద పడతాడు, తర్వాత మీరు పడతారు."

ఒకటి, రెండు, మూడు. ప్రేమదాసు లేచాడు. నడుము పైన మనిషి, నడుము కింద తడి బస్తా. ఆ బస్తా బరువంతా శశిభూషణ్ పది వేళ్లలోకి దిగింది. ఆ లేవడంలో కుర్చీకి తగిలించిన మూత్రం సంచి ఊడి, గొట్టంతో సహా గాల్లో ఊగింది.

"సంచి! ఎవరన్నా సంచి పట్టుకోండి!" అని కింద నించి రెబ్కా అరిచింది.

దగ్గర్లో ఉన్నది జానకిరామయ్య గారే. చటుక్కున అందుకుని, గౌరవంగా ఉంటుందని ఛాతీ దాకా ఎత్తారు.

"పైకి కాదండీ, కిందకి! పైకెత్తితే వెనక్కి పోద్ది! మళ్లీ జొరం!"

ఆయన కిందకి దించారు. రెండేళ్లుగా ఈ కేసు ఫైలు మోస్తున్నారు. అందులో ఈ సంచి బిల్లు కూడా ఉంది. అది వెచ్చగా ఉంటుందని ఏ బిల్లులోనూ రాయలేదు.

జడ్జి గారు స్టెనో వైపు తిరిగి నింపాదిగా చెప్పడం మొదలుపెట్టారు. "పిటిషనరు నిలబడ్డాడు. భార్య మోకాళ్లు పట్టుకోగా, కామా. బీమా కంపెనీ న్యాయవాది నడుము పట్టుకోగా, కామా. సొంత న్యాయవాది..." ఆవిడ ఆగి, మాట వెతుక్కున్నారు. "...సంచి పట్టుకోగా, కామా."

"ఫుల్‌స్టాప్ పెట్టండి మేడమ్," అని ప్రేమదాసు వీపులోనించి ఒక గొంతు వినపడింది.

"రికార్డు అవుతోంది, ఆగండి. అమ్మా, ఈయన ఎంతసేపు నిలబడగలడు?"

"ఈయన ఎంతసేపైనా నిలబడతాడండి," అంది రెబ్కా. "పట్టుకున్నోళ్లని అడగాలి."

జడ్జి గారు పట్టుకున్నవాళ్లని చూశారు. శశిభూషణ్ కోటు చంకల్లో తడిసింది. చెవులు పండు మిరపకాయలయ్యాయి.

"రోజూ ఇలా లేపుతారా?"

"లేదండి, పండక్కే. రోజూ మంచం మీద తిప్పుతాం, రెండు గంటలకోసారి. దానికీ ఇద్దరు కావాలి. ఒకళ్లం లాగితే తోలు రాసుకుని పుండు పడుద్ది."

"రెండో మనిషి ఎవరు?"

"ఎవరు దొరికితే వాళ్లండి. కోతలప్పుడు ఎవరూ దొరకరు."

జడ్జి గారు ఆ మాట కూడా చెప్పి రాయించారు, ఉన్నదున్నట్టు. తర్వాత ఫుల్‌స్టాప్ పెట్టారు.

ప్రేమదాసుని కూర్చోబెట్టాక శశిభూషణ్ చేతులు కాసేపటి దాకా ముడుచుకునే ఉన్నాయి. ప్రేమదాసు వెనక్కి తిరిగి, "థాంక్సండి. ప్రభు కంటే గట్టిగా పట్టుకున్నారు" అన్నాడు, మర్యాదగా.

వాదనల రోజు మిగతా అంశాల మీద శశిభూషణ్ గంటసేపు మాట్లాడాడు. మనిషి సాయం దగ్గరికొచ్చేసరికి, "ఈ విషయంలో నాకు స్వానుభవం ఉంది మేడమ్. వాదన లేదు" అని కూర్చున్నాడు. జానకిరామయ్య గారు పిటిషన్లో అడిగింది ఒక మనిషిని. తీర్పులో వచ్చింది ఇద్దరు, అతను బతికున్నంత కాలం. సంచి పట్టుకోవడానికి మూడో మనిషిని కూడా అడిగి ఉండాల్సిందని ఆయన ఇప్పటికీ బార్ రూములో బాధపడతారు. కుర్చీలు ఖాళీ అవుతాయి.

కంపెనీ కోతల ముందే సొమ్ము కట్టింది. ఆ కోతలకి రెబ్కా పనిలోకి పోయింది. తుంటి మీద పుండు లేవలేదు.

ప్రేమదాసు కోర్టులో అన్న మాట ఊరికి అతనికంటే ముందే చేరింది. "ఒక్కడే నిలబెట్టాడని అన్లేదు" అన్నదాని మీద పాస్టరు గారు ఒక ఆదివారం గంటంబావు ప్రసంగించారట. తర్వాతి కోత పండక్కి ఆయనే మఖమల్ గుడ్డ తీసేయించారు. ఈసారి వీడియోలో అన్నీ కనపడ్డాయి: మోకాళ్ల దగ్గర రెబ్కా, వెనక ప్రభు, సంచి పట్టుకుని మొదటి వరసలోంచి లేచొచ్చిన జానకిరామయ్య గారు. ప్రేమదాసు మైకులో అందరి పేర్లూ చెప్పాడు. ఆఖర్న, "బీమా కంపెనీ ప్లీడరు గారు కూడా ఒకసారి పట్టుకున్నారు" అన్నాడు. సంఘం చప్పట్లు కొట్టింది.

ఆ వీడియోని జానకిరామయ్య గారు శశిభూషణ్‌కి పంపి, కింద ఒక శ్లేష కూడా జోడించారు.

శ్లేషకి జవాబు రాలేదు. పది నిమిషాల తర్వాత వీడియోకి మాత్రం వచ్చింది: "ఆ కుర్రాడు బెల్టు ఒక చేత్తోనే పట్టుకున్నాడు. తల ఆనించమనండి గురువు గారూ."