కొమ్ములైతే ఒక మాట, పొడైతే ఒక మాట

వీపు మీద బస్తా ఉన్నప్పుడు సుకుమార్‌కు ముందు నడిచే ఎంకటి మడమలు తప్ప మరేమీ కనిపించవు. అవి ఆగితే ఆగుతాడు, కదిలితే కదులుతాడు. ఆర్మూర్ యార్డులో హమాలీ బతుకంతే. కనుబొమల్లో, చెవుల మడతల్లో, గోళ్ల కింద పసుపే. పెళ్ళినాటి నలుగు ఇంకా వదల్లేదని భార్య రూత్ ఎగతాళి చేస్తుంది.

ఇవాళ మాత్రం మధ్యాహ్నానికే బస్తా దించేశాడు.

"గింత తొందరేందిరా? పెండ్లాం పిలిచిందా?" అన్నాడు ఎంకటి.

"దాని ఇంటర్వ్యూ ఉన్నదే. కువైట్ దవాఖానల సఫాయి పని."

"గెలిస్తే?"

"రెండేండ్లు పోతది."

ఎంకటి ఆ బస్తా తన వీపు మీదికి ఎత్తుకున్నాడు.

ఇంట్లో రూత్ బీడీల చాట పక్కకు నెట్టి, దగ్గుతూ కూర్చుంది. తంబాకు దుమ్ము తెచ్చిన దగ్గు అది. ముందు ఒక కంచం. అందులో ఒక పక్క పసుపు కొమ్ములు, ఇంకో పక్క పొడి. ఇంగ్లిషులో 'తక్కువ'కు రెండు మాటలున్నాయని కోచింగ్ సారు ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు ఎక్కలేదు. అప్పుడు సుకుమారే యార్డు నుంచి ఇవి తెచ్చి పోశాడు. లెక్కపెట్టగలిగితే ఫ్యూవర్. లెక్కకు అందకపోతే లెస్.

"ఒక్కపారి అడుగయ్యా."

కొమ్ము ఎత్తి చూపాడు.

"ఫ్యూవర్." తానే పొడిలో వేలు ఆనించింది. "లెస్. నీకన్నా నాకే మంచిగొస్తది."

"అందుకే నువ్వు విమానమెక్కుతున్నవ్, నేను మూటలెత్తుతున్న."

ఫోన్‌లో వీడియో కాల్ మోగింది. పేరు, ఊరు, వయసు గడిచాయి. తెర మీదికి రెండు బకెట్ల బొమ్మ వచ్చింది. ఒకదాంట్లో నీళ్ళు తక్కువ. చూసి చెప్పమన్నాడు అవతలి మనిషి. రూత్ పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. ఫోన్ వెనక నిలబడ్డ మొగుడి వైపు కళ్ళెత్తింది.

సుకుమార్ కదలకుండా ఉంటే చాలు. రేపు పొద్దున ఈ చాట ఇక్కడే ఉంటుంది. ఈ ఎగతాళీ ఉంటుంది. ఈ మనిషీ ఉంటుంది.

దగ్గు కూడా ఉంటుంది. ఫోన్ పట్టుకున్న ఆమె వేలు చూశాడు. బీడీలు చుట్టి చుట్టి గీతలన్నీ అరిగి, గులకరాయిలా నున్నబడ్డ వేలు.

చెయ్యెత్తి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి మెల్లగా నలిపాడు. గోళ్ల సందుల్లోంచి పసుపు పొడి రాలింది.

"లెస్," అంది రూత్. "దిస్ బకెట్ హ్యాజ్ లెస్ వాటర్."

ఫోన్ పెట్టేశాక మొగుడి ముఖంలోకి చూసింది. "నువ్వు చెప్పకుంటే ఆగమైతుంటి."

"నేనేం చెప్పిన? చెయ్యి దురదపెట్టింది."

నెల తిరగకుండా వీసా వచ్చింది. బయల్దేరే పొద్దున కూడా ఆమె కంచం ముందు కూర్చుని పాఠం అప్పజెప్పింది.

సుకుమార్ ఆమెను శంషాబాద్‌లో విమానం ఎక్కించి వచ్చాడు. మర్నాడు ఎంకటి మడమల వెంట మామూలుగానే నడిచాడు. సాయంత్రం తలుపు తీస్తే చాట గోడకు ఆనించి ఉంది. గూట్లో కంచం. కొమ్ముల పక్కన పొడి, ఆ పొడి మధ్యలో గీతలు లేని వేలు ఆనిన చిన్న గుంట.