రెండో అంతస్తులో ఎలమంచిలి

మా మేనల్లుడు సుమంత్‌కి మధురవాడలో ఒక కంప్యూటర్ కంపెనీలో ఉద్యోగం వచ్చింది. చేరే రోజే డిగ్రీ సర్టిఫికెట్ ఇంట్లో మరిచిపోయాడు. పదకొండులోగా ఒరిజినల్ చూపించకపోతే ఉద్యోగం లిస్టులో రెండో నంబరు వాడికి పోతుందట. కాగితం పట్టుకుని గోపాలపట్నం నుంచి బండి మీద నేను బయల్దేరాను.

రిసెప్షన్లో శ్రీసత్య అనే అమ్మాయి నా మెడలో ట్యాగు వేసి, సుమంత్ ఎలమంచిలిలో ఉన్నాడంది. పొద్దున్న ఇక్కడికొచ్చినవాడు అంత దూరంలో ఉన్న ఎలమంచిలి ఊరికి ఎప్పుడు వెళ్ళాడు? ఎలా వెళ్ళాలమ్మా అంటే, రెండో అంతస్తులో సీతమ్మధార దాటి ఎడమకి తిరగమంది. నలభై ఏళ్లుగా ఈ ఊళ్లో తిరుగుతున్నాను, సీతమ్మధార పేట మేడెక్కినట్టు ఎవరూ చెప్పలేదు.

అప్పుడు వెలిగింది. పోయిన నెల పెళ్ళిచూపులని చెప్పి, వాడికి కొత్త చొక్కా వేయించి, పళ్ళ డాక్టరు దగ్గర కూర్చోబెట్టాను. ఈ అమ్మాయి చేత ఇలా చెప్పించడం దానికి బదులు. తాతకి దగ్గులు నేర్పుతున్నాడు. సరే, నేనూ ఆడిద్దామని అక్కణ్ణుంచే ఫోన్ చేశాను.

"ఎక్కడున్నావ్ మావా?"

"ఎలమంచిలి రైల్లోరా. దువ్వాడ దాటీసింది. నువ్వక్కడే ఉన్నావని సెప్పినారు కదా."



"రైలెక్కీసినావేటి? ఎలమంచిలంటే ఈ గది పేరు మావా. ఇక్కడ గదులన్నిటికీ ఊళ్ల పేర్లే. ఇంక పది నిమిషాలుంది. అయిపోనాది నా పని."

పెట్టేశాడు. నాటకమైతే ఇంకాసేపు ఆడించేవాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. మెట్లెక్కి పరుగెత్తాను. పైన సోఫా బదులు ఒక పడవ, పడవలో దిండ్లు, దిండ్లకి ఆనుకుని కంప్యూటర్లు కొట్టుకుంటున్న మనుషులు. అవతల ఉయ్యాల. భీమిలి అని రాసిన చోట కాఫీ మిషను. ఎటు తిరిగినా రెండుసార్లు భీమిలికే వచ్చాను.

మూడోసారి ఎలమంచిలి అని రాసిన అద్దాల గదిలో సుమంత్ కనిపించాడు, తల పట్టుకుని. ఎదురుగా సర్టిఫికెట్లు చూసే మేడమ్ ఫైలు మూసేస్తోంది. తలుపు కోసం తడిమాను. పిడి లేదు, గడియ లేదు, చెయ్యి పెట్టిన ప్రతిచోటా అద్దమే. ఇంక చేసేది లేక సర్టిఫికెట్ తీసి, రెండు అరచేతులతో అద్దానికి అదిమి నిలబడ్డాను.

మేడమ్ లేచి వచ్చింది. కళ్ళజోడు సర్దుకుని, అద్దంలోంచే నంబరు చదివి, ఫైలు తెరిచి టిక్కు పెట్టింది.

సుమంత్ నాతో ఏదో అంటున్నాడు. వినబడదు, పెదాలు చూస్తే తిట్టే. చేత్తో మాత్రం కుడివైపు చూపిస్తున్నాడు. తలుపు అటుందనో, అటునుంచటే పొమ్మనో తేల్చుకోలేక అక్కడే నిలబడ్డాను.