గోడ దగ్గర ఆగిన తాబేలు

అరబ్బు దేశంలోని మసీరా దీవిలో ఎండాకాలం గాలి ఆగనే ఆగదు. ఆ గాలికి ఎదురుగా, ఇంకా సరిగ్గా తెల్లారకముందే, నర్సింగ్ ఒడ్డు వెంబడి కాళ్ళీడ్చుకుంటూ నడుస్తున్నాడు. ముందు ముబారక్. ముబారక్‌ది ఈ దీవే. తాతముత్తాతలు ఇక్కడే చేపలు పట్టి బతికారు. ఇప్పుడతను తాబేళ్ళు గుడ్లు పెట్టే ఈ తీరానికి రేంజర్. నర్సింగ్‌ది జగిత్యాల దగ్గర ఊరు. ఈ దేశమొచ్చి రుసైల్‌లో సిమెంటు ఇటుకల ఫ్యాక్టరీలో చేసి చేసి దగ్గు పట్టుకుంటే, దుమ్ములేని చోటని రేంజర్లకు సాయం చేసే పనికొచ్చాడు. ఇక్కడ దుమ్ము లేదు. ఇసుక ఉంది, కంట్లో, అన్నంలో, పక్కలో.

పని రోజూ ఒక్కటే. రాత్రి ఒడ్డెక్కిన తాబేళ్ళ జాడలు చూడాలి. గుడ్లున్న చోట గుర్తుకు కర్ర పాతాలి. కుక్కలు తవ్విపోసిన గుంతలు పూడ్చాలి. కొట్టుకొచ్చిన వలముక్కలు ఏరి బండిలో వెయ్యాలి. ఇవాళ ఏరిన చోటే రేపు మళ్ళీ అన్ని వలలుంటాయి.

ముబారక్ ఠక్కున ఆగాడు.

"నర్సింగ్ భాయ్, ఇది చూడు. పైకొచ్చిన జాడ ఉంది, సముద్రంలోకి పోయిన జాడ లేదు."

వాళ్ళ మాటలు సగం హిందీ, సగం అరబ్బీ. నర్సింగ్ వంగి చూశాడు. గుడ్లు పెట్టిన తాబేలు నీళ్ళకేసి తిరగకుండా, రోడ్డు వైపు పోయింది. అటు ముబారక్ చిన్నాయన హమ్దాన్ కొత్తగా కట్టిన గెస్ట్‌హౌస్ లైట్లు ఇంకా వెలుగుతూనే ఉన్నాయి. నీళ్ళ మీది మెరుపు చూసి దారి పట్టే జీవం కదా, ఆ వెలుగే సముద్రమనుకుంది పిచ్చిది. ఆ లైట్ల మీదనే గొడవపడి చిన్నాయనా ముబారకూ సీజన్ మొదలైనప్పటి నుంచీ మాట్లాడుకోవడం లేదు.

తాబేలు ప్రహరీగోడకు తల ఆనించి పడుంది. కళ్ళ నిండా ఇసుక. నర్సింగ్ తన బాటిల్‌లో నీళ్ళు దాని తల మీద పోశాడు. అది బుస్సుమని ఊపిరి వదిలింది.

"బతికే ఉంది భాయ్!" అని అరిచాడు నర్సింగ్.

ఇద్దరూ పట్టి లేపబోయారు. కదల్లేదు. తెల్లారింది. ఇంకొంచెం సేపైతే ఎండ ముదురుతుంది.

"మీ చిన్నాయనను పిలువు," అన్నాడు నర్సింగ్.

"నేను పిలవను."

"నువ్వు పిలవకుంటే ఇది ఇక్కడే సస్తది."

ముబారక్ వెళ్ళి గేటు కొట్టాడు. హమ్దాన్ లుంగీ బిగించుకుంటూ బయటికొచ్చాడు, వెనకాల వంటమనిషి అక్బర్. ముబారక్ ముందుకెళ్ళి, కోపం కోపంగానే, మర్యాద ప్రకారం ముసలాయన నుదుటి మీద ముద్దుపెట్టాడు. తాబేలు వైపు వేలు చూపించాడంతే.

హమ్దాన్ తాబేలు దగ్గర వంగి చూశాడు. అక్బర్‌ను పంపి, పడవ మీద కప్పే టార్పాలిన్ తెప్పించాడు. నలుగురూ తాబేలును దాని మీదికి దొర్లించి, తలో మూల పట్టుకున్నారు. లాగడం, ఆగడం, మళ్ళీ లాగడం. నర్సింగ్ దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. హమ్దాన్ పట్టు వదల్లేదు. అక్బర్ రొట్టెలు మాడిపోతున్నాయని గొణుగుతూనే లాగాడు.

తడి ఇసుక తగలగానే తాబేలు తల ఎత్తింది. ఒక అల వచ్చి పైన పడింది. ఇంకో అల లేపింది. మూడోది తీసుకుపోయింది.

అక్బర్ వంటింటికి పరుగెత్తాడు. మిగతా ముగ్గురూ అక్కడే కూలబడ్డారు. తనకు సంతోషం అనిపించాలి కదా అనుకున్నాడు నర్సింగ్. నడుము నొప్పే తెలిసింది.

"సముద్రం వైపు లైట్లు ఆర్పేస్తాను," అన్నాడు హమ్దాన్. "గేటు మీదిది మాత్రం ఉంటుంది."

"అదీ కనబడుతుంది చిన్నాయనా."

"నా గెస్టులు చీకట్లో కాళ్ళు విరగ్గొట్టుకోవాలా?"

ముబారక్ ఏదో అనబోయాడు. నర్సింగ్ అతని మోచెయ్యి పట్టుకున్నాడు. "ఇవాల్టికి చాలు భాయ్. ఆ ఒక్కటీ రేపు అడుగుదాం."

హమ్దాన్ ఇద్దరికేసీ చూసి, "చాయ్ తాగి పొండి," అన్నాడు. ముబారక్ ఒప్పుకోడనుకున్నాడు నర్సింగ్. కానీ ముబారక్ లేచి, చిన్నాయనకు చెయ్యందించి లేపి, ఆయన వెంటే నడిచాడు.

చాయ్ తాగారు. తర్వాత నర్సింగ్, ముబారక్ ఎండలో మిగిలిన ఒడ్డంతా చూసుకుంటూ పోయారు. వలముక్కలు నిన్నటికంటే ఎక్కువే ఉన్నాయి.