జేబులో లేని ఎర్ర వైరు

పొద్దున్నే పనికి బయలుదేరే లిఫ్టు మెకానిక్ చొక్కా జేబులో అతని భార్య రోజూ రెండు ఏలక్కాయలు వేస్తుంది. మొగుడంటే ఎంత ప్రేమో అని ఇరుగుపొరుగు మురిసిపోతారు. నోటి వాసన బయటపడకుండా ఆ ఇల్లాలు పదేళ్ళుగా పడుతున్న తంటా అదని వాళ్ళకు తెలియదు. ఆ రోజు ఏలక్కాయలతో పాటు ఒక కాగితం కూడా మడిచి పెట్టింది.

"తాగుడు మానాలనుకునేవాళ్ళంతా కలిసి నడుపుకునే మీటింగటండీ. ఆస్పత్రి నర్సమ్మ రాసిచ్చింది. సాయంత్రం ఆరింటికి. ఈసారైనా వెళ్తారా?"

"వెళ్తానన్నాగా! ఒట్టు పెట్టమంటావా?"

"వద్దు. మీ ఒట్లతో ఇల్లు నిండిపోయింది."

అతని చెయ్యి బంగారమని కంపెనీలో పేరు. ఒక గుక్క పడితే తప్ప ఆ బంగారు చేతికి వణుకు ఆగదని సూపర్‌వైజరుకూ తెలుసు, తోటివాళ్ళకూ తెలుసు. "మా గురుడు పుచ్చుకుంటేనే పని నడుస్తుంది" అని నవ్వుకునేవారు. ఇలాంటి మాటలకు మనమూ నవ్వేస్తాం. ఆ నవ్వు ఎక్కడో ఎవరి మెడకో చుట్టుకుంటుందని అప్పుడు తోచదు.

సాయంత్రం ఆరుకు ఐదు నిమిషాలుందనగా, ఇద్దర్ని అడిగి, చెప్పుల దుకాణం పక్క సందులో ఉన్న ఆరంతస్తుల మేడ చేరాడు. కింది హాల్లో లిఫ్టు తలుపు చూడగానే ఆగిపోయాడు. మెకానిక్కులకు మేడలు వీధి పేర్లతో కాదు, లిఫ్టులతో గుర్తుంటాయి. పొద్దున వెనక గేటులోంచి వచ్చి తాను సర్వీసు చేసిన లిఫ్టు ఇదే!

మీటింగు ఏ అంతస్తులోనో చూద్దామని జేబులో చెయ్యి పెట్టాడు. కాగితం ఉంది. ఏలక్కాయలున్నాయి. ఎర్ర వైరు లేదు.

పరీక్షించేటప్పుడు తలుపు తెరిచి ఉన్నా లిఫ్టు కదిలేందుకు, పైన మిషన్ గది బోర్డులో మెకానిక్ ఒక వైరు ముక్క తగిలిస్తాడు. పని కాగానే దాన్ని ఊడదీసి జేబులో వేసుకోవాలి. ఇరవై ఏళ్ళలో అతను ఒక్కసారీ మరిచిపోలేదు. పొద్దున మిషన్ గదిలో సీసా మూత తిప్పడం గుర్తుంది. ఆ తరవాతిది ఎంత తల బద్దలు కొట్టుకున్నా గుర్తు రాలేదు. వైరు అక్కడే ఉంటే, మనిషి ఒక కాలు లోపల పెట్టగానే లిఫ్టు లేచిపోవచ్చు. అతని పై ప్రాణాలు పైనే పోయాయి.

తలుపు మీద అంకెలు ఐదు, నాలుగు అంటూ దిగుతున్నాయి. చేతికర్రతో ఒక ముసలాయన, ఆయన వెనక మరో ముగ్గురు వచ్చి నిలబడ్డారు. అతని చేతిలో కాగితం చూసి ముసలాయన పలకరించాడు.

"మా మీటింగుకేనా బాబూ? ఐదో అంతస్తు. రా, కలిసే వెళ్దాం. నేను రిటైరైన హెడ్మాస్టర్ని. తాగుడు మానేసి పదకొండేళ్ళయింది."

చడీచప్పుడు కాకుండా మెట్లెక్కి వైరు పీకేస్తే ఎవరికీ తెలియదు. కానీ మిషన్ గది ఆరంతస్తుల పైన ఉంది. అతను చేరేలోగా వీళ్ళు ఎక్కేస్తారు.

తలుపు తెరుచుకుంది. అతను రెండు చేతులూ చాచి అడ్డం నిలబడ్డాడు.

"ఎక్కకండి! కరెంటు... కరెంటు బాగాలేదు."

"దీపాలన్నీ వెలుగుతుంటేనా?" అంటూ ముసలాయన నవ్వి, చేతికర్ర ముందుకు చాచాడు.

"పొద్దున దీన్ని సర్వీసు చేసింది నేనే సార్! తాగి చేశాను. ఏం వదిలేశానో నాకే తెలీదు!"

మాట పూర్తయిందో లేదో, పైనెవరో మీట నొక్కినట్టున్నారు, అతని వెనక తలుపు బార్లా తెరిచి ఉండగానే లిఫ్టు ఒక్క కుదుపుతో లేచిపోయింది. అది ఉన్నచోట నల్లటి గొయ్యి మిగిలింది.

ముసలాయన అందరినీ వెనక్కి జరిపి, బల్ల ఒకటి అడ్డం పెట్టించాడు. మెకానిక్, కేకలు విని పరుగెత్తుకొచ్చిన మేడ వాచ్‌మన్ ప్రతి అంతస్తులోనూ ఎక్కొద్దని అరుస్తూ మెట్లెక్కారు. లిఫ్టు ఖాళీగా ఆగిందని చూసుకుని మెయిన్ స్విచ్చి ఆపేశారు. ఎర్ర వైరు పెట్టినచోటే ఉంది. అతను సూపర్‌వైజరుకు ఫోను చేశాడు.

"పిచ్చోడా, అది పీకి జేబులో వేసుకుని వచ్చెయ్. మిగతాది నేను చూసుకుంటా. ఎవరికీ చెప్పకు."

"చెప్పేశాను సార్. తాగనివాణ్ణి ఎవరినైనా పంపండి. ఈ పూట నేను ముట్టుకోను."

"ఉద్యోగం ఊడుతుందిరా!"

"మనిషి పడిపోయుంటే?"

అతను ఫోను పెట్టేశాడు.

కిందికి వచ్చేసరికి మీటింగు మెట్ల మీదే మొదలైంది. అతని కోసం ఒక మెట్టు ఖాళీగా ఉంచారు. ఎదురుగా, బల్ల వెనక, గొయ్యి అలాగే నోరు తెరుచుకుని ఉంది. కూర్చోగానే అతనికి ఏడుపు ఆగలేదు. ఏలక్కాయల దగ్గర్నుంచి సూపర్‌వైజరు మాట దాకా అంతా చెప్పేశాడు.

"చేసిన పాపం చెబితే పోతుందంటారు" అన్నాడు ముసలాయన. "పోతుందో లేదో నాకు తెలీదు బాబూ. చెప్పకపోతే మాత్రం ఎవరిదో ప్రాణం పోతుంది. మన వాసన దాచిన ఇల్లాలు, మన తప్పు దాచిన పై అధికారి, నవ్వి ఊరుకున్న స్నేహితుడు, వీళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు. కానీ తాగుడును దాచిపెట్టడమంటే, తాగేవాడికి మేలు చెయ్యడం కాదు. ఇలాంటి గొయ్యి మీద గుడ్డ పరచడం."

అతను కళ్ళు తుడుచుకుని భార్యకు ఫోను చేశాడు.

"మీటింగు దొరికింది. రేపట్నించి నా జేబులో ఏలక్కాయలు వెయ్యకు."